వాహన పోషణము: మనమా, మెకానిక్కా?



మోటారు సైకిలు నేడు మావంటి కుటుంబములకు విలాసవస్తువు కాదు. మావారు ఉపాధ్యాయులు. వారి పాఠశాల మా యింటికి 18 కిలోమీటర్ల దూరమున నున్నది. ఉదయమున వారిని గొనిపోయి, సాయంకాలమున క్షేమముగా నింటికి జేర్చునది యా బండియే. కావున దాని బాగోగులు గృహిణికి బట్టని విషయమని నేను తలంపను.

ఈ విషయమున రెండు వాదములు వినబడుచుండును. పని తెలిసినవానికి గూలి యిచ్చి చేయించుకొనుట మేలని కొందఱందురు. మన బండిని మనమే బాగుచేసికొన్నచో డబ్బు మిగులునని మఱికొందఱందురు. ఉభయులును రూపాయల లెక్కయే చూచుచున్నారు. నాకు దోచిన లెక్క వేఱు. తన్ను దాను ముందుగా దెలుపుకొను లోపమును మనము చూచుకొనవచ్చును. చెప్పాపెట్టక ప్రాణము మీదికి దెచ్చు లోపమును నేర్పరికే విడువవలెను.

మా బండి కార్బురేటరు గల పాతబండి. అందు గాలియు పెట్రోలును దగుపాళ్ల గలిసినగాని మంట చక్కగా మండదు. తూకమున 1 పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్లు గాలి వలయును. ఇది మనము వంటయింట నెఱిగిన ధర్మమే. గ్యాసు పొయ్యికి గాలి చాలనిచో మంట పసుపుపచ్చనై గిన్నెల యడుగున మసి పట్టును. ఇంజనులోను నంతే, స్పార్కు ప్లగ్గు కొనకు నల్లని మసి పట్టును. ఆ కొన లేత గోధుమవన్నె నున్నచో మంట సరిగా నున్నదనియు, మిక్కిలి తెల్లబడినచో వేడి హెచ్చినదనియు గ్రహింపవచ్చును.

నిరుడు మా బండి పెట్రోలు హెచ్చుగా ద్రాగి నల్లపొగ విడువసాగెను. దారిలోని యొక మెకానిక్కు కార్బురేటరు మార్చవలెననియు, 2,000 రూపాయలు పైబడుననియు జెప్పెను. మావారు బండి నింటికి దెచ్చి, దానితో వచ్చిన పుస్తకము చూచి ప్లగ్గు విప్పిరి. కొన యంతయు మసి. "ఇది గాలి యాడని పొయ్యివలె నున్నదండీ" యంటిని. గాలి వచ్చు దారిలోని ఫిల్టరు తీసి చూడగా నది దుమ్ముతో గట్టిపడి యుండెను. క్రొత్త ఫిల్టరునకు 200 రూపాయలైనను బట్టలేదు.

నాటినుండి యాదివారమున నొక యరగంట బండికి గేటాయించితిమి. ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట చైను తుడిచి నూనె వేయుదుము. చైను నడుమ వ్రేలితో నెత్తి చూచినప్పుడు పెక్కు బండ్లకు 20 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు నాడవలెను. సరియైన కొలత యా బండి పుస్తకముననే యుండును. టైర్లలో గాలి, ఇంజనులో నూనె మట్టము చూతుము. వాడిన నూనెను మాత్రము మురుగుకాల్వలో బోయరాదు.

ఇంతమాత్రమున మెకానిక్కుతో బనిలేదని తలంపరాదు. మా యూర నొక వృద్ధ మెకానిక్కు గలడు. ఒకనాడతడు వాల్వుల సందు చూడవలె ననగా, "చప్పుడేమియు లేదు గదా!" యని మావారనిరి. అందుల కతడు, "చప్పుడు చేసే వాల్వు మంచిదే సారూ, చెప్పి చెడుతుంది. చప్పుడు చేయనిదే కాలిపోతుంది" అనెను. సందు హెచ్చినచో టకటక మను శబ్దము వినబడును. సందు తగ్గినచో శబ్దముండదు. వాల్వు పూర్తిగా మూతపడక కాలిపోవును. ఆ సందు మిల్లీమీటరులో నూఱవవంతుల లెక్క. అది చేతి యలవాటుగలవాని పని. బ్రేకులును నట్టివే. వానియందు మన పొరపాటు దెలియునది బండి యాగవలసిన క్షణముననే.

1-4-2020 నుండి మన దేశమున బి.ఎస్. 6 నిబంధన లమలులోనికి వచ్చినందున, క్రొత్తబండ్లలో బెక్కింటికి గార్బురేటరే లేదు; పెట్రోలు పాళ్లను చిన్న కంప్యూటరు నిర్ణయించును. అది చెడినచో బరీక్షించు పరికరము గలవారియొద్దకే పోవలెను. చైను, టైర్లు, ఫిల్టరు మాత్రము నేటికిని మన చేతిలోనివే.

ఆడువారికి, చదువుకొన్నవారికి ఈ నూనె మరకల పని యేల యని కొందఱందురు. ద్రోణపర్వమున శ్రీకృష్ణుడు యుద్ధము నడుమ గుఱ్ఱములను విప్పి, వాని మేని బాణములు దీసి, నీరు ద్రావించెను. అది యాయనకు జిన్నతనము గాలేదు. 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను నిరువు రాంగ్లవనితలు పాంథర్ మోటారు సైకిలుపై లండను విడిచి, సహారా యెడారి దాటి, 1935 జూలైలో గేప్‌టౌను చేరిరి. వారిలో వాలక్ యంత్రవిద్య నభ్యసించినది.

ఎఱుక గలవారికి నేర్పరి విలువయు దెలియును. ఆ వృద్ధునకు గూలి యిచ్చునప్పుడు మేము బేరమాడము. కార్బురేటరు మార్చుమన్నవానికి మేము డబ్బీయకపోవుటకును, ఇతనికి సంతోషముతో నిచ్చుటకును గారణ మొక్కటే: చేసిన పని యేమో మాకు దెలియుట. మీరును బండిని రిపేరునకు బంపునప్పుడు మార్చిన పాత సామాను తిరిగి యడిగి తీసికొని చూడుడు. ఏది యెందులకు మార్చిరో యడుగుడు. మన యింటివారు ప్రతిదినము ప్రాణములు నిలుపుకొని పోవు బండిని గూర్చి యడుగుటలో దప్పులేదు.