మేడ మీద కొత్తిమీర

జూన్ 8, 2025
మిరుగు, మృగశిర కార్తె. ఊరంతా చేపల వేటలో ఉంది. నేను మేడ మీద, పాత పెయింటు బకెట్‌తో. ధనియాలు వంటింటి డబ్బాలోవే. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. అప్పడాల కర్రతో నలిపాను, బద్దలయ్యే దాకా.
“పొడి కొడ్తున్నవా బిడ్డా?” అంది అమ్మ.

జూన్ 13
ఏమీ లేదు. రాత్రి సెల్ లైటు వేసి చూశాను. పక్కింటి కుక్క మొరిగింది.

జూన్ 18
మొలకలు. 11. మొదటి రెండాకులు కొత్తిమీరలా ఉండవు. గడ్డి అనుకుని రెండు పీకాను. 9.

జూన్ 29
పోయిన వారపు పుదీనా కట్ట. ఆకు పచ్చడికి పోయింది. కాడలు స్టీలు గ్లాసులో, నీళ్లలో. వారం గడవకముందే తెల్లటి వేళ్లు. ఎవరూ పట్టించుకోలేదు దాన్ని. అందుకేనేమో.

జులై 9
కరివేపాకు మొక్క, మా కల్యమాకు. దాని మీద పిట్ట రెట్ట. తుడవబోయాను. కదిలింది.

జులై 13
సరూర్‌నగర్ రైతు బజార్. వానలు. కొత్తిమీర పిరం. కొసరు అడిగాను. ఆమె నన్ను చూసింది, కట్టను చూసింది, వెనకున్న మనిషిని “ఏం గావాలె” అంది.
టమాటలు కొంటే కొత్తిమీర ఊరికే పడేసిన రోజులు. సంచీలకు గుర్తుండాలి.

జులై 17
రెట్ట ఇప్పుడు పచ్చటి పురుగు. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటికి తీసింది. వాసన. చేయి కడుక్కున్నాను.
సీతాకోకచిలుక అవుతుందట. చంపలేదు.

జులై 21
రెమ్మలకు ఈనెలు మిగిలాయి. పురుగు లేదు. అమ్మ మొక్క మొదట్లో పులిసిన మజ్జిగ పోసింది. చారులోకి కల్యమాకు పక్కింటి అక్క దగ్గర తెచ్చాం.

ఆగస్టు 3
కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్నది కోనిగ్ పేరు. వృక్షశాస్త్రజ్ఞుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. అమ్మకు చెప్పాను.
“పాపం” అంది. అని, ఉప్మాలోంచి ఆకు ఏరి పళ్లెం అంచున పెట్టింది.

ఆగస్టు 10
కొత్తిమీర కోయడానికి మనసొప్పక వదిలేశాను. పూత పట్టింది. తెల్లగా, బాగుంది. ఇక ఆకు రాదు. ధనియాలొస్తాయి. డబ్బాలో ఉన్నవే.

ఆగస్టు 24
గడ్డి పీకలేదు మూడు వారాలుగా.

సెప్టెంబర్ 6
నిమజ్జనం. పొద్దున్నే బాలాపూర్ బొడ్రాయి దగ్గర జనం. వేలంలో గణపతి లడ్డూ 35 లక్షలు పలికింది. 1994లో మొదటి పాట 450 రూపాయలు. పాడుకున్నవాళ్లు పొలంలో చల్లుకుంటారు, పంట బాగా వస్తుందని.
మా గల్లీ గణపతి ప్రసాదం ఊరికే ఇచ్చారు. అమ్మ లడ్డూ కొంచెం చిదిమి బకెట్లో వేసింది.

సెప్టెంబర్ 7
బకెట్ నిండా చీమలు.
రాత్రి చంద్రగ్రహణం. తొక్కు జాడీల మీద వెయ్యడానికి గరిక కావాలంది అమ్మ. బజారుకు పోనక్కర లేకపోయింది. కొత్తిమీర బకెట్లో బోలెడుంది.