లంబసింగి మేళగాండ్రు

విశాఖ మన్యమున చింతపల్లి చేరువను, సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున లంబసింగి యను పల్లె గలదు. 2022 మొదలుగా నిది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. చలికాలపు మంచును జూడవచ్చువారు పెక్కుమంది. మేమును అందులకే పోయితిమి. కాని మా మనస్సును హరించినది థింసా మేళము.

భగత, వాల్మీకి, కొండదొర మున్నగు గిరిజనుల యాట యిది. స్త్రీలు చేతులు పెనవేసికొని వరుసగా నాడుచుండ, ప్రక్కను కొందరు వృద్ధులు డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వాయింతురు. మంచుకు మెత్తబడిన డప్పు పలుకదు. కావున ముందుగా దానిని నెగడుకడ కాచి బిగియింతురు. దరువు మారినంతనే యడుగును మారును. చూపరులు మెచ్చునది ఆడువారిని; ఆట నడుపువారు ఈ ముసలివారు.

వీరికిది జీతపు కొలువు గాదు. పొలము పనులు చేసికొనుచు, చైత్రమాసపు పండుగలకును పెండ్లిండ్లకును వాయింతురు. వ్రాసియుంచిన స్వరములు లేవు. పెద్దల చెంత విని నేర్వవలసినదే. “మోరి యూదుటకు ఊపిరి చాలదమ్మా, కుర్రవాండ్రకు తీరిక లేదు” అని యొక వృద్ధుడు మాతో ననెను.

సోదరీమణులారా! మన యిండ్లలోని పెండ్లిపాటలును ఇట్లే ముసలమ్మల నోటనే గదా నిలిచియున్నవి. అడిగి నేర్చుకొనువా రున్నంతవరకే యే విద్యయైనను నిలుచును. లంబసింగికి బోవువారు మంచును మాత్రమే చూచి మరలక, యొక గడియ యా మేళగాండ్ర చెంత గూర్చుండి వారి పేళ్లడుగుదురు గాక.