వేడి లోపలికి, పొగ బయటికి

మాది నిడమనూరు. మా ఊళ్లో ఎవరితోనైనా ‘ఇంటిని వేడి చేయాలి’ అంటే వింతగా చూస్తారు. ఇంటిని చల్లగా ఉంచడమెలా అన్నదే మా బాధ! ఆఫీసు పని మీద మాంచెస్టర్ వెళ్లి, ఓ పాత ఇటుకల ఇంట్లో రెండు చలికాలాలు అద్దెకున్నాక గానీ ఆ మాట బరువేంటో నాకు తెలియలేదు. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. కీబోర్డు మీద వేళ్లు కొంకర్లు పోయేవి.

ఆ ఇల్లు బొగ్గు కాలంలో కట్టింది. గదికో పొయ్యి, పొయ్యికో పొగగొట్టం. 1952 డిసెంబరులో పొగ, మంచు కలిసి లండన్‌ను ఐదు రోజులు కమ్మేసి వేల మందిని పొట్టనపెట్టుకున్నాయి. 1956లో పొగను అదుపు చేసే చట్టం వచ్చింది. తర్వాత సముద్రం అడుగున సహజవాయువు దొరికింది. 1967 నుంచి పదేళ్ల పాటు ఇంటింటికీ తిరిగి స్టవ్‌లు, హీటర్లు ఆ గ్యాస్‌కు తగ్గట్టు మార్చారు. మేమున్న ఇంట్లో మాత్రం హాల్లో ఒక్క గ్యాస్ హీటర్‌తోనే నెట్టుకొచ్చారు. మేం చేరిన ఏడాది ఓనర్ ఇల్లంతటికీ సెంట్రల్ హీటింగ్ పెట్టించాడు.

నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉండి ఆ పనంతా చూశాను. వంటగది గోడకు ఒక బాయిలర్. అందులో గ్యాస్ మండి నీళ్లు వేడెక్కుతాయి. పంపు ఆ నీళ్లను గదుల్లోని రేడియేటర్లకు తోస్తుంది. అవి వేడి వదిలేసి ఇంకో పైపులోంచి మళ్లీ బాయిలర్‌కు వస్తాయి. పాత ఇల్లు కాబట్టి నేల మీది చెక్కపలకలు లేపి పైపులు వేయాల్సొచ్చింది. అంతా అయ్యాక చూస్తే బాయిలర్ పక్క గది కాలిపోతోంది, పై గది చల్లగానే ఉంది. మెకానిక్ ఒక్కో రేడియేటర్ వాల్వ్ కొంచెం కొంచెం తిప్పి సరిచేశాడు. నాకు మా సాగర్ ఎడమ కాలువ గుర్తొచ్చింది. పైన తూములు బార్లా తీస్తే చివరి మళ్లకు నీళ్లెక్కడివి?

కానీ నా మనసులో నిలిచింది గోడలోంచి బయటికి పెట్టిన గొట్టం. అది గొట్టంలో గొట్టం. బయటి గాలి ఒక దారిలో లోపలికొస్తుంది, మండిన పొగ రెండో దారిలో బయటికి పోతుంది. గదిలో గాలిని బాయిలర్ ముట్టుకోదు. ఆ పని చేసినతని దగ్గర ‘గ్యాస్ సేఫ్’ కార్డు ఉంది. అతను ఏయే పనులు చేయొచ్చో దాని వెనక రాసుంటుంది. అద్దె ఇంట్లో గ్యాస్ సామాన్లను ఏటా చెక్ చేయించాలన్నది అక్కడ చట్టం.

తిరిగొచ్చాక మొన్న సంక్రాంతికి ఊరెళితే, మా పెంకుటింట్లో నాయనమ్మ కోసం నాన్న గ్యాస్ గీజర్ కొనిపెట్టి ఉన్నాడు. మంచి పనే. ఎనభై దాటిన మనిషి, తెల్లారకముందే లేచి కట్టెలు ఎగదోసి కాగు కాచుకోవడమంటే మాటలా? బిగించడానికి మిర్యాలగూడ నుంచి వచ్చినాయన బాత్రూమ్ కొలిచి, “లోపలే పెడదాం, ఆ కిటికీ మూసేయండి, గాలికి మంట ఆరిపోతది” అన్నాడు.

నాకు గుండె ఝల్లుమంది. మన దగ్గర ఎక్కువగా దొరికే గీజర్లకు ఆ గొట్టంలో గొట్టం ఉండదు. ఉన్న గదిలో గాలినే పీల్చి అక్కడే వదులుతాయి. చిన్న బాత్రూమ్, మూసిన తలుపు, మూసిన కిటికీ. గాలి చాలకపోతే గ్యాస్ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ లీకైతే మనకు తెలిసేది అందులో కలిపిన ఘాటు వాసన వల్ల. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం... చలికి నీరసమేమో అనుకునేలోపే మనిషి పడిపోవచ్చు. నాయనమ్మ స్నానం అరగంట. గడియ పెట్టుకుంటుంది. చెవులు సరిగ్గా వినిపించవు.

“అన్నా, బయట పెడదాం” అన్నాను. పైపు ఖర్చు, వాన, కోతులు అంటూ ఆయన లెక్క చెప్పాడు. నాన్న నా వైపు, ఆయన వైపు చూశాడు. చివరికి నాయనమ్మే అడిగింది: “పొయ్యి బయట పెడితే నీళ్లు లోపలికెట్లొస్తయిరా?”

“పైపులో వస్తయే. వేడి లోపలికి, పొగ బయటికి.”

“గంతే కదా! మీ తాత ఇల్లు కట్టినప్పుడు వంటింటికి గవాక్షి ముందు పెట్టించి, తర్వాత పొయ్యి పెట్టించిండు” అంది.

ఆ గవాక్షి ఇప్పుడు లేదు. స్టవ్ వచ్చింది కదా అని సీలింగ్ వేసినప్పుడు మూసేశారు. మాంచెస్టర్ ఇంట్లో పొగగొట్టాలకూ అట్టలు కొట్టేశారు. పాత ఇళ్లకు ఊపిరాడే దారులు ఉండేవి. మనం ఇంధనం మార్చిన ప్రతిసారీ ఆ దారులు అక్కర్లేదనుకుని మూసుకుంటూ వచ్చాం.

గీజర్ వెనక గోడకు, చూరు కింద, ముందు రేకు అడ్డం పెట్టి బిగించారు. సిలిండర్ పక్కనే నిలబెట్టారు. వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి. ట్యాంకు ఎత్తు చాలక నీళ్ల ఒత్తిడి తగ్గి మొదట మంట అంటుకోలేదు. ట్యాంకు కింద దిమ్మె కట్టి ఎత్తు పెంచాక సరైంది. మొత్తం రెండు రోజులు ఎక్కువ పట్టింది. కిటికీ తెరిచే ఉంది.

ఈ చలికాలం మీ ఇంట్లోనూ గీజర్ మాట వస్తే, ఎన్ని లీటర్లు, ఎంత డిస్కౌంట్ అని తర్వాత అడగండి. ముందు ఒక్కటే అడగండి: దీని పొగ ఎటు పోతుంది? ‘కొంచెమే వస్తది, ఏం కాదు’ అన్నారంటే ఆ మనిషి చేత బిగించుకోకండి.