రోము నగరంలో మంచి భోజనం

పరదేశయాత్రకు వెళ్ళే మనవారు చూడవలసిన కట్టడాల జాబితాను నెలల ముందుగానే సిద్ధం చేసుకుంటారు. భోజనం విషయం మాత్రం ఆకలి వేసినప్పటికి వాయిదా వేస్తారు. రోము నగరంలో ఈ పద్ధతి చెల్లదు. సుమారు 28 లక్షల జనాభా గల ఆ మహానగరంలో భోజనశాలలకు కొదువ లేదు గాని, కొలోసియం చూసి అలసిన బాటసారికి మొదట కనిపించేవి సాధారణంగా ఆ ఊరివారు అడుగుపెట్టనివి. సంస్థ పనిమీదనో, ఐరోపాలో స్థిరపడిన పిల్లలను చూడడానికో మన ఉద్యోగులు, వారి కుటుంబాలు ఇటీవల అటు తరచుగా వెళ్తున్నారు. శ్రీమతితో కలిసి ఒక మార్చి నెలలో పది రోజులు అక్కడ గడిపి గ్రహించిన కొన్ని సంగతులు వారికి ఉపకరించవచ్చునని ఈ వ్యాసం.

ముందుగా లక్షణ పరీక్ష. రంగురంగుల ఛాయాచిత్రాలతో, ఆరు భాషలలో అచ్చయిన పట్టిక బయట వ్రేలాడుతున్నా, గుమ్మంలో ఒకరు నిలబడి దారినపోయేవారిని పిలుస్తున్నా ఆగకుండా సాగిపోవడం ఉత్తమం. ఉదయం పదకొండు నుండి రాత్రి పదకొండు వరకు ఎడతెరిపి లేకుండా వడ్డించే చోటు కూడా అనుమానాస్పదమే. రోమువాసులు మధ్యాహ్నం పన్నెండున్నర తరువాత, రాత్రి ఎనిమిది ప్రాంతంలో భోంచేస్తారు. నడుమ వంటగది మూతపడుతుంది. 'త్రాత్తోరియా' అనబడే కుటుంబ భోజనశాలలలో పట్టిక ఒక్క పుటకు మించదు. గురువారం నాడు 'న్యోక్కి' అనే బంగాళదుంప ఉండలు వండడం పాత ఆచారం. ఆ రోజున ఆ పేరు పలకమీద కనిపిస్తే అది సంప్రదాయం పాటించే ఇల్లని భావించవచ్చు.

రోము వంట స్వభావం తెలియాలంటే తెస్తాచ్చో పేటకు వెళ్ళాలి. ఇక్కడ 1888లో నిర్మాణం ఆరంభించిన నగర పశువధశాల 1975 వరకు పనిచేసింది. మంచి మాంసం ధనికుల ఇళ్ళకు పోగా మిగిలిన తోక, ప్రేవులు, కాలేయం వంటివి అక్కడి కార్మికులకు దక్కేవి. దీనినే 'ఐదవ పాలు' అన్నారు. నేటి ఖరీదైన భోజనశాలలు గర్వంగా వడ్డించే ఎద్దుతోక కూర అలా పుట్టినదే. ఈ పేటలోనే సుమారు 35 మీటర్ల ఎత్తున ఒక గుట్ట ఉన్నది. అది రాతిగుట్ట కాదు. ప్రాచీన కాలంలో స్పెయిను నుండి, ఉత్తర ఆఫ్రికా నుండి నూనె తెచ్చిన కుండలను పగులగొట్టి పేర్చగా ఏర్పడిన పెంకుల రాశి. పెంకుల సందులలో గాలి ఆడుతూ లోపల చల్లగా ఉండడం వల్ల దానిని తొలిచి ద్రాక్షాసవం నిలువచేసే గదులు కట్టారు. విద్యుత్తు లేని శీతల గిడ్డంగిని చూసి ఇంజనీరు కన్ను ఆనందించకుండా ఎలా ఉంటుంది?

రోముకు పేరు తెచ్చిన సేమ్యా వంటకాలు నాలుగు. వాటిలో మూడింటిలో, అనగా కార్బొనారా, ఆమాత్రిచానా, గ్రీచాలలో, పందిచెక్కిలి మాంసం తప్పనిసరి. పంది మాంసం తినని మిత్రులు ఈ మూడు పేర్లు గుర్తుంచుకోవాలి. నాలుగవది 'కాచో ఎ పేపే'. పేరులో ఉన్నవి రెండే, చీజ్, మిరియాలు. శాకాహారులకు ఇదే శరణ్యమని చాలామంది చెబుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఇందులో వాడే పెకొరినో రొమానో గొర్రెపాల చీజ్. ఆ పాలను గడ్డకట్టించడానికి గొర్రెపిల్ల జీర్ణాశయం నుండి తీసిన రెన్నెట్ వాడతారు. ప్రసిద్ధమైన పార్మిజానో రెజ్జానోకు దూడ రెన్నెట్. ఈ చీజులను శాకాహారమని చెప్పి వడ్డించేవారికి దురుద్దేశం ఉండదు. వారి లెక్కలో మాంసం ముక్క లేకపోతే అది శాకాహారమే.

పుట్టు శాకాహారి అయిన మా శ్రీమతికి ప్రయాణానికి ముందే ఈ విషయం వివరించాను. "తెలియక తిన్నదానికి దోషం లేదండీ, తెలిసి మాత్రం తినను" అన్నది. దానితో రోములో అందరూ మెచ్చే వంటకం మా జాబితా నుండి సగం తొలగిపోయింది. సగం అనడం ఎందుకంటే నాకు ఆ నియమం లేదు.

తెస్తాచ్చోలో ఫెలిచె అనే భోజనశాల 1936 నుండి ఉన్నది. బల్లలన్నింటిమీద 'కేటాయించబడినది' అన్న చీటీలు పెట్టి, వచ్చినవారి ముఖం చూసి నచ్చినవారినే కూర్చోబెట్టడం దాని వ్యవస్థాపకుని ప్రసిద్ధమైన అలవాటు. ఇప్పుడు ముందుగా చెప్పి ఉంచుకుంటే చాలు. అక్కడ కాచో ఎ పేపేను మన బల్ల దగ్గరే కలిపి ఇస్తారు. తురిమిన చీజ్, మిరియాల పొడి, వేడి సేమ్యా, దాని గంజి, అంతే. గరిటె వేగంగా తిరుగుతూ ఉండగా క్షణాలలో అది చిక్కని పాలమీగడలా మారుతుంది. శ్రీమతి తన టమాటా సేమ్యా పక్కన పెట్టి శ్రద్ధగా చూసి, "మజ్జిగపులుసులో శనగపిండి వేస్తాం చూడండి, విరగకుండా, ఇదీ అదే" అన్నది. ఆ మాట అక్షరాలా నిజం. చీజులోని మాంసకృత్తులు సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాటితే ముద్దకట్టుకుంటాయి. గంజిలోని పిండిపదార్థం వాటిని విడదీసి ఉంచుతుంది. ఈ వంటకంమీద భౌతిక శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన ఒకటి 2025లో ప్రచురితమై, నవ్విస్తూ ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి పొందింది. చీజు బరువులో 2 నుండి 3 శాతం పిండిపదార్థం ఉంటే పాకం నిలకడగా ఉంటుందని, 1 శాతం కన్న తగ్గితే విరుగుతుందని వారు తేల్చారు. వంటింటి అనుభవానికి అంకెలు దొరికాయి!

ఇక మిరియాల సంగతి. డొమిషియన్ చక్రవర్తి క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోము నడిబొడ్డున మిరియాలకు ప్రత్యేకంగా గిడ్డంగులు కట్టించాడు. ఆ సరుకు మలబారు తీరం నుండి వెళ్ళినదే. మన ఆంధ్రదేశపు తవ్వకాలలో బయటపడిన రోమను నాణేలు కూడా ఆనాటి వర్తకపు గుర్తులే.

శ్రీమతికి తృప్తి కలిగించిన భోజనం మాత్రం తైబరు నది ఒడ్డున యూదుల పేటలో దొరికింది. 1555లో పోపు ఆజ్ఞతో యూదులను ఇరుకైన ఈ పేటలో నిర్బంధించారు. 1870 వరకు ఆ నిర్బంధం పూర్తిగా తొలగలేదు. 1943 అక్టోబరు 16న నాజీ సైనికులు రోములో పట్టి ఆష్విట్జ్‌కు తరలించిన వెయ్యిమందికి పైగా యూదులలో తిరిగి వచ్చినవారు 16 మందే. ఇళ్ళ ముందు బాటలో పొదిగిన చిన్న ఇత్తడి పలకలమీద పోయినవారి పేర్లు ఉన్నాయి. వాటిని దాటుకుంటూనే భోజనశాలలకు వెళ్ళాలి.

యూద ధర్మం ప్రకారం మాంసాన్ని, పాలను కలపరాదు. అందువల్ల అక్కడ పాల వంటకాలకే ప్రత్యేకించిన భోజనశాలలు ఉన్నాయి. ఆ వంటగదిలోకి మాంసం రాదు. చేపలు, గుడ్లు మాత్రం ఉంటాయి కనుక అడిగి తెలుసుకోవాలి. యూద ఆహార నియమాలను పాటించే భోజనశాలలలో పంది మాంసం భయం లేదు. ఆ పేటకు కీర్తి 'కార్చోఫి అల్లా జూదియా', అనగా యూదుల పద్ధతి ఆర్టిచోకు. పిడికెడంత మొగ్గను చెక్కి, రేకులు విడేలా నొక్కి, ఆలివు నూనెలో మొదట సన్నని సెగమీద లోపల మెత్తబడేవరకు, తరువాత పెద్ద సెగమీద రెండవసారి వేయిస్తారు. పళ్ళెంలోకి వచ్చేసరికి అది బంగారు రంగు చేమంతిపువ్వు. రేకులు అప్పడంలా కరకరలాడతాయి. నడిమి భాగం మన పనసతొనల కూరను తలపిస్తుంది. ఉప్పు తప్ప మరేమీ వేయరు. మేము మూడు రోజులు వరుసగా వెళ్ళాము.

శాకాహారులకు మరికొన్ని: చీజ్ లేని మరినారా పిజ్జా, వెల్లుల్లితో వేయించిన చికోరియా ఆకుకూర నిశ్చింతగా తినదగినవి. పుంతారెల్లె అనే ఆకుల పచ్చడిలో మాత్రం చిన్నచేప నూరి కలుపుతారు, చూపుకు తెలియదు. బోండా వంటి 'సుప్లీ'లో కూడా తరచుగా మాంసరసం ఉంటుంది.

రోము ఉన్న లాట్సియో ప్రాంతంలో 2006 నాటి చట్టం కూర్చున్నందుకు వేసే రుసుమును నిషేధించింది. బదులుగా బిల్లులో 'పానె' అని రొట్టె ధర కనిపిస్తుంది. రొట్టె అవసరం లేకపోతే ముందే చెప్పాలి. వీధులలో సుమారు 2,500 ఇనుప కుళాయిలు ఉన్నాయి; వాటి నీరు తాగడానికి యోగ్యం, ఉచితం. సీసా నీరు కొనడం వృథా.

ఆగస్టు నడుమ కుటుంబ భోజనశాలలు చాలావరకు సెలవులకు మూసివేస్తారు. రోము ప్రాంతపు ఆర్టిచోకు ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు లేతగా దొరుకుతుంది. టిక్కెట్లు కొనేముందు ఈ రెండు సంగతులు చూసుకుంటే మేలు.