పులిచింత మీద నీలిరెక్క

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సుల కోసం జనం తోసుకుంటున్నారు. ఆ రద్దీ దాటి మూసీ వైపు, భాగాయత్‌లోకి నడిచాను. ఒకప్పుడు పంటలు పండిన ఈ నేల ఇప్పుడు హెచ్‌ఎండీఏ లేఅవుట్. వెడల్పాటి రోడ్లు, హద్దురాళ్లు, వాటి మధ్య ఇంకా ఇల్లు లేవని ప్లాట్లు. వానలు వెనకబట్టిన రోజులు కాబట్టి ప్లాట్ల నిండా మోకాలెత్తు గడ్డి. నేను చూడాలని వచ్చిన ప్రాణి ఆ గడ్డిలోనే ఉంటుంది.

పేల్ గ్రాస్ బ్లూ అనే సీతాకోకచిలుక అది. శాస్త్రీయనామం సూడోజిజీరియా మహా. రెక్కలు చాపితే రూపాయి బిళ్లంత. పొద్దున గడ్డిపరక మీద రెక్కలు మూసుకుని కూర్చుంటే బూడిదరంగు, నల్లచుక్కలు తప్ప ఏమీ కనిపించవు. ఎండ తగిలాక ఒకటి రెక్కలు సగం విప్పి కాగసాగింది. వెండి కలిసిన లేతనీలం బయటపడింది. మగది. ఆడదానికి గోధుమరంగు ఎక్కువ. వానాకాలపు మగవాటికి రెక్క అంచున నల్లపట్టీ వెడల్పుగా, ఎండాకాలపు వాటికి సన్నగా ఉంటుంది.

ఎగరడం మొదలుపెట్టినా ఎత్తుకు పోదు. నేలకు జానెడు, మూరెడు ఎత్తున తిరుగుతూ గడ్డి చామంతి పూల మీద వాలుతుంది. ఇంత చిన్న పువ్వు చాలు దానికి. పెద్ద తోటలు, ఖరీదైన పూలమొక్కలు దాని అవసరాల్లో లేవు.

గడ్డిలో ఉంటుందేగానీ దీని గొంగళి గడ్డి ముట్టదు. దానికి పులిచింత కావాలి. మూడు గుండె ఆకారపు రేకుల ఆకు, చిన్న పసుపు పువ్వు, నమిలితే పుల్లగా ఉండే ఆ మొక్కే. ఇదే నేలలో తిరిగే దీని దగ్గరి చుట్టం డార్క్ గ్రాస్ బ్లూ మాత్రం పల్లేరు మీద, తోటకూర జాతి మొక్కల మీద గుడ్లు పెడుతుంది. అంటే మనం పీకిపారేసే కలుపులోనే ఒక్కో జాతికి ఒక్కో మొక్క.

హబ్సిగూడ చౌరస్తా దాకా ఆటోలో వచ్చి కుడికి తిరిగితే నాచారం. పారిశ్రామికవాడలో ఒక ప్రహరీ కింద, మోరీ తడి తగిలేచోట పులిచింత దట్టంగా అల్లుకుని ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఒక ఆకు మీద పైపొర మిగిలి, అద్దంలా పారదర్శకంగా మచ్చలు కనిపించాయి. లేత గొంగళి కిందినుంచి గీరి తిన్న గుర్తులవి. పక్క ఆకు అడుగున పచ్చటి గొంగళి, దాని వెనుక భాగం చుట్టూ చీమలు. ఒంటి మీది గ్రంథి నుంచి అది తియ్యటి ద్రవం ఇస్తుంది. చీమలు ఆ చుక్క కోసం వెన్నంటి ఉంటాయి, పరాన్నజీవి కందిరీగల్ని దగ్గరికి రానివ్వవు.

ఈ చిన్న జీవికి జపాన్‌లో పెద్ద పేరే ఉంది. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగాక, ఒకినావాలోని ర్యూక్యూ విశ్వవిద్యాలయంలో జోజి ఒటాకి బృందం ఇదే జాతిని సేకరించి పరిశీలించింది. రెక్కల్లో, ఇతర అవయవాల్లో లోపాలు కనిపించాయని 2012లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించింది. ఆ ఫలితాల మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు జరిగాయి. అయినా దీన్నే ఎంచుకోవడానికి కారణం స్పష్టం: మనుషుల పక్కనే బతుకుతుంది, అన్నిచోట్లా దొరుకుతుంది, తరం త్వరగా మారుతుంది. మన పరిసరాల ఆరోగ్యం చెప్పగల జీవి ఉప్పల్‌లోనూ ఉందన్నమాట.

ఖాళీ ప్లాటంటే మన కాలనీల్లో కలుపుమందు కొట్టించడమో, గడ్డి తగలబెట్టడమో జరుగుతోంది. నేలబారుగా ఎగిరే ఈ జీవికి ఆ ఒక్క ప్లాటే ఊరంతా. పాములు, దోమల భయం అబద్ధం కాదు. నడిచే దారి, ఇళ్ల ముందు భాగం శుభ్రం చేసుకోవలసిందే. ప్రహరీ వెంట మాత్రం బారెడు వెడల్పున పులిచింత, పల్లేరు, గడ్డి చామంతి ఉండనివ్వమని కాలనీ సంక్షేమ సంఘాలను కోరుతున్నాను. అక్కడ మందు కొట్టకండి, నిప్పు పెట్టకండి.