వంకర ఇళ్ల ఊరు

లావెన్‌హామ్ గురించి చెప్పేవాళ్లంతా ముందు ఆ వంకర ఇళ్ల గురించే చెప్తారు. ఇంగ్లండ్‌లో, సఫోక్ పల్లెసీమలో ఉన్న ఈ చిన్న ఊరు ఒకప్పుడు నీలం ఉన్ని బట్టకి పేరు. 1524 పన్ను లెక్కల్లో దేశంలోని ధనిక పట్టణాల్లో ఒకటి. ఆ డబ్బుతోనే 141 అడుగుల చర్చి టవర్, 1529 ప్రాంతంలో గిల్డ్‌హాల్ లేచాయి. పచ్చి ఓక్ కలపతో కట్టిన ఇళ్లు ఆరుతూ ఆరుతూ ఒరిగాయి.

తర్వాత చవకైన, తేలికైన బట్టలొచ్చి వ్యాపారం పడిపోయింది. కూల్చి కొత్తవి కట్టుకునే స్తోమత లేక ఊరు అలాగే మిగిలింది. మనం ఫొటోలు తీసుకునే అందం అసలు వాళ్ల లేమి.

చీరాలలో మా తాత మగ్గం గుంటని బాబాయి పూడ్చి గచ్చు చేయించాడు. నాకు బాధే. కానీ ఆ ఏడాది ఆయన చేతిలో నాలుగు డబ్బులున్నాయి. లేకపోతే బావుండేదని ఎలా అనను?