నిగాహ్, నిఘా, నిగెహ్‌బానీ

ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగులో డిగ్రీ చేసినవాడికి ఒక ఆదత్ పోదు. పేపర్ చదువుతూ చదువుతూ ఏదో ఒక లఫ్జ్ దగ్గర ఆగిపోతాడు. నన్ను ఎక్కువసార్లు ఆపిన లఫ్జ్ 'నిఘా'. మనింట్లో 'నిగాహ్' అంటామే, అదే ఇది. మనింట్లోంచి బయల్దేరి కచేరీలు, ఠాణాలు తిరిగి తెలుగులో నిఘాగా స్థిరపడింది. ఒక్క నిఘానే కాదు. ఫిర్యాదు, దర్యాప్తు, తనిఖీ, గస్తీ, జప్తు, ఖైదు, జామీను... ఠాణా చుట్టూ తిరిగే తెలుగు మాటల్లో సగం మనింటి మాటలే. మాటలు మనవే అయినా, వాటి పేరు చెప్తే ఎక్కువ గుండె దడ కూడా మనకే.

ఇంట్లో నిగాహ్‌కు ఇంకో మానే ఉంది. అమ్మీ బజారుకు పోతూ "బచ్చే పే నిగాహ్ రఖో" అంటే పసివాడు పొయ్యి దగ్గరికి పోకుండా చూసుకోమని. అట్లా చూసుకునేవాడు నిగెహ్‌బాన్. జాసూస్ కూడా చూస్తాడు. కానీ నిగెహ్‌బాన్ ఎవరో మనకు తెలుసు, బిడ్డకు దెబ్బ తగిలితే అతన్ని నిలబెట్టి జవాబ్ అడగొచ్చు. జాసూస్ ఎవరో తెలియదు, మన గురించి ఏం రాసుకున్నాడో తెలియదు. తప్పు రాసుకుంటే దిద్దించుకోవడానికి ఏ దర్వాజా తట్టాలో అసలే తెలియదు. సర్కార్ మన మీద పెట్టే చూపు ఈ రెండింటిలో ఏది? నా సవాల్ ఇంతే.

మాది చందుర్తి. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా, నా చిన్నప్పుడు కరీంనగర్. ఈ సవాల్ మా ఇలాఖాకు కొత్త కాదు. 1978 అక్టోబర్ 20న ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను 'కల్లోలిత ప్రాంతాలు'గా ప్రకటించింది. అప్పటికి నేను పుట్టలేదు. కానీ ఆ ఏలాన్ నీడ మా బచ్‌పన్ అంతా ఉంది.

మా అబ్బా దర్జీ. సడక్ పక్కన చిన్న దుకాణం, రెండు కుట్టుమిషన్లు. ఎనభైల చివర్లో ఒకరోజు దుకాణం ముందు జీపు ఆగింది. ఆలివ్ గ్రీన్ గుడ్డ ఎవరు తెచ్చినా పేరు చెప్పాలన్నారు. కొన్నాళ్లకు రాత్రిపూట అన్నలు వచ్చి తలుపు కొట్టారు. "జీపోళ్లు ఏమడిగిన్రు సాయబూ, నువ్వేం చెప్పినవ్?" అన్నారు. అబ్బా ఇద్దరికీ ఒక్కటే మాట చెప్పాడు: "నేను కొలతలు రాస్కుంట, మనుషులను రాస్కోను."

ఆ తర్వాత ఆయన కొలతల పుస్తకంలో గిరాకీల పేర్లు రాయడం మానేశాడు. ప్రతి గుడ్డ నుంచి చిన్న ముక్క కత్తిరించి పేజీకి అతికించి, దాని పక్కన నడుము, ఛాతీ, పొడవు రాసుకునేవాడు. ఎందుకని అడిగితే, "కిసీ కా నామ్ మేరీ కితాబ్ సే బాహర్ నై జానా బేటా" అన్నాడు. ఎవరి పేరూ తన పుస్తకం నుంచి బయటికి పోవద్దని. గిరాకీ పేరు ఆయన దృష్టిలో అమానత్, అంటే ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొమ్ము.

ఆ కాలంలో నిఘాకు మనిషి కావాలి. ముఖ్‌బిర్ కావాలి, జీపు కావాలి, రాత్రి నిద్ర చెడగొట్టుకునే జవాను కావాలి. నక్సలైట్ల కదలికలు కనిపెట్టడానికని పోలీసు శాఖలో ఎస్ఐబీ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. మావంటి జిల్లాల పేరు చెప్పే అట్లాంటి విభాగాలు పెరిగాయి. "ఉన్ లోగోఁ కే లియే హై, హమారే లియే నై" అని అప్పుడు చాలామంది సర్దుకున్నారు. అది వాళ్ల కోసం, మన కోసం కాదు అని.

ఇప్పుడు 2024 మార్చికి రండి. అదే ఎస్ఐబీలో పనిచేసిన ఒక డీఎస్పీని ఫోన్ ట్యాపింగ్ కేసులో అరెస్టు చేశారు. ఎక్కడ? మన సిరిసిల్లలో. నక్సలైట్ల కోసం పెట్టిన ఏర్పాటుతో ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని కేసు. హైకోర్టు జడ్జి ఫోన్ సంగతి కూడా బయటికి రావడంతో హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇవి ఇంకా ఇల్జామ్‌లే, ఫైసలా చేయాల్సింది అదాలత్. కానీ ఒక సబఖ్ మాత్రం ఇప్పుడే నేర్చుకోవచ్చు. ఒకరి కోసమని తయారుచేసిన వల ఆ ఒకరితో ఆగదు. వల పట్టుకున్న చేయి మారుతుంది, చేప మారుతుంది, వల మాత్రం అట్లాగే ఉంటుంది.

ఫోన్ వినడానికి కాయిదా లేదా అంటే, ఉంది. 1996 డిసెంబర్ 18న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: హోం సెక్రటరీ స్థాయి అధికారి రాతపూర్వక ఆర్డర్ ఉండాలి, ఆ ఆర్డర్‌ను ఒక కమిటీ మళ్లీ పరిశీలించాలి. అయితే ఆర్డర్ ఇచ్చేది సర్కారే, పరిశీలించేదీ సర్కారు అధికారులే. ఎవరి ఫోన్ విన్నారో ఆ మనిషికి ఖబర్ ఉండదు. ఖబర్ లేనివాడు ఫిర్యాదు ఎట్లా చేస్తాడు?

ఈ మాట మా ఖాలా ముందు అంటే ఆమె నవ్వింది. "మనమేమన్న మంత్రులమా బేటా? హమారే కు క్యా ఛుపానా హై?" అంది. మనకు దాచుకోవడానికి ఏముంది అని. చాలా ఇళ్లలో వినపడే మాటే ఇది. దీనికి నా జవాబ్ మన పేర్లతో మొదలవుతుంది.

మా ఇంట్లో ఒకే ఇంటిపెద్ద పేరు మూడు రకాలుగా ఉంది. ఆధార్‌లో మొహమ్మద్, ఓటరు లిస్టులో మహ్మద్, కరెంటు బిల్లులో ఎండీ. ఉర్దూలో ఒక్కతీరుగా రాసే పేరు తెలుగులోకి, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి రాసేవాడి చేతివాటాన్ని బట్టి మారిపోతుంది. ఇక సయ్యద్ అలీలు, షేక్ అహ్మద్‌లు, షాహీన్ బేగంలు ఒక్క మండలంలో ఎందరుంటారో లెక్క లేదు. పక్కింటాయనకు మన అలీ వేరు, ఆ అలీ వేరు అని తెలుసు. మషీన్‌కు తెలియదు.

తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వాహనాలు, కరెంటు, ఆస్తి పన్ను, ఇట్లా వేర్వేరు శాఖల దగ్గరున్న సమాచారాన్ని ఒక్కచోట కలిపి, ఈ మనిషి ఎవరు, ఇతనికి ఏమేమి ఉన్నాయి అని అంచనా వేస్తుంది. ఆ అంచనాను పేదల పథకాల మీద వాడారు. హైదరాబాద్‌లో ఒక పేద ముస్లిం కుటుంబానికి రేషన్ ఆగింది. కారణం? ఆ ఇంటాయన పేరుకు దగ్గరి పేరున్న వేరే మనిషికి కారుంది. ఈ సంగతి 2024లో అల్ జజీరా బయటపెట్టింది. జిందగీలో కారెక్కని ఇంటికి 'నీకు కారుంది పో' అన్నమాట.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ ఇంటింటికీ వెళ్లి తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వెళ్లి చూస్తే వేలమంది అర్హులేనని తేలింది. చూడండి ఖాలా, వాళ్లెవరూ ఏమీ దాచుకోలేదు. అడిగిన కాగితమల్లా ఇచ్చారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు భివండీ, ముంబై నుంచి బస్సుల్లో నిలబడి మరీ ఊళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్న జనం మనవాళ్లు. దాచుకున్నందుకు కాదు వాళ్లకు నుక్సాన్ జరిగింది. వాళ్ల గురించి ఎవరో ఎక్కడో తప్పు రాసుకుంటే, ఆ రాత చూసే హక్కు వాళ్లకు లేనందుకు.

రేషన్ తప్పు గింజలతో పోతుంది. షక్ తప్పయితే జిందగీయే పోతుంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎంతమంది ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారో మనకు యాదుంది. వాళ్లు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాత ప్రభుత్వమే మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. నేను మంచివాడినే అని సర్కార్ కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సిన కుర్రాడి గురించి ఆలోచించండి. చందుర్తి, కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో సగం పొయ్యిలు గల్ఫ్ పైసలతో మండుతాయి. పాస్‌పోర్టుకు పోలీస్ వెరిఫికేషన్ కావాలి. ఎక్కడో ఒక రికార్డులో ఒక పేరు పక్కన ఒక గీత పడితే, ఆ పేరే ఉన్న ఇంకో కుర్రాడి వీసా గడువు దాటిపోవచ్చు.

ఇప్పుడు పేరు దాటి ముఖం దాకా వచ్చింది వ్యవహారం. 2018లో తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లోకి ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ చేరింది. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను హైదరాబాద్‌లో రోడ్డు మీద పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నారు. అయినా ఫోటో తీసుకున్నారు. ఏ కానూన్ కింద తీశారు, ఎక్కడ పెట్టారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని ఆయన అడిగారు. జవాబ్ రాకపోతే హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. కార్డుల కేసులో సుప్రీంకోర్టు దాకా పోయిందీ ఆయనే. ఒక మామూలు మనిషి అడిగిన మామూలు సవాళ్లవి. 2021 అక్టోబర్‌లో గంజాయి తనిఖీ పేరుతో హైదరాబాద్ సడకుల మీద కుర్రాళ్లను ఆపి వాట్సాప్ తెరిచి చూసినప్పుడు కూడా అడగాల్సినవి ఇవే.

సర్కార్ ప్రతి చూపూ జుల్మ్ అని నేను అనను. దొంగతనం జరిగితే సీసీ కెమెరా మనకే పనికొస్తుంది. తప్పిపోయిన పిల్లలను వెతకడానికి ముఖం గుర్తుపట్టే మషీన్ పనికొస్తే మంచిదే. 'నేను సైతం' పేరిట కెమెరాల కోసం మనమే చందాలిచ్చాం. ఒక్క కెమెరా వందమంది పోలీసులతో సమానమని వాళ్లంటారు. సరే. కానీ వందమంది పోలీసులకు వంద నేమ్ ప్లేట్లుంటాయి. కెమెరాలో పడిన ముఖం ఎవరి దగ్గరికి పోతుందో, ఎన్నాళ్లుంటుందో చందా ఇచ్చిన మనకైనా చెప్పాలి కదా?

మన ఇళ్లలో చెప్పుకునే ఒక రివాయత్ ఉంది. మదీనాలో హజ్రత్ ఉమర్ రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో అలికిడి విని గోడ దూకారు. లోపల ఒకడు షరాబ్‌తో దొరికాడు. ఆ మనిషి ఏమన్నాడు? నేను చేసిన తప్పు ఒకటి, మీరు చేసినవి మూడు. కూపీ లాగారు, దర్వాజా నుంచి రాలేదు, సలాం చెప్పి ఇజాజత్ అడగలేదు అన్నాడు. సూరా హుజురాత్‌లో తజస్సుస్ మనా అని గుర్తుచేశాడు. ఖలీఫా ఆ మాట ఒప్పుకుని వెనుదిరిగారని చెప్తారు. తప్పు చేసినవాడికి కూడా తలుపు ఉంటుందని, తలుపుకు హక్కు ఉంటుందని మన పెద్దలు ఈ కిస్సాతో నేర్పారు.

మన దేశ అదాలత్ ఆ మాట దగ్గరికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి ఇంటికి పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టేసింది గానీ, ప్రైవసీ అనేది రాజ్యాంగ హక్కు కాదంది. కాదు, అది మనిషి స్వేచ్ఛలో భాగమే అని విడిగా రాసిన జడ్జి మన తెలుగాయన, రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. ఆయన మాట 55 ఏళ్లు మైనారిటీ మాటగానే ఉండిపోయింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క గొంతుతో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. ఈ హక్కును తగ్గించాలంటే కానూన్ ఉండాలి, సరైన మక్సద్ ఉండాలి, అవసరానికి మించి పోవద్దు అని కూడా అన్నారు.

తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. దుకాణాలకు, కంపెనీలకు షరతులు పెట్టింది. కానీ దేశ భద్రత, శాంతి భద్రతల పేరిట తాను కోరుకున్న సర్కారీ సంస్థలను ఆ షరతుల నుంచి తప్పించే ఇఖ్తియార్ కేంద్రం తన దగ్గరే పెట్టుకుంది. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని ఒక సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారం పేరుతో జవాబ్ ఇవ్వకుండా ఉండే దారి వెడల్పు చేసింది. సర్కార్ మనల్ని చూడటం సులువైంది, మనం సర్కార్‌ను చూడటం కష్టమైంది. జర్నలిస్టుగా నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇదే.

కనుక ఇంట్లో పిల్లలతో కూర్చుని కొన్ని పనులు చేయండి. అన్ని కాగితాల్లో పేరు ఒక్కతీరుగా రాయించండి, అమ్మీ పేరు, దాదీ పేరుతో సహా. కార్డు రద్దయిందంటే కారణం రాసివ్వమని అడగండి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తనిఖీకి వస్తే లడాయి వద్దు, అదబ్‌తో అడగండి: వారెంట్ ఉందా, లేకపోతే కారణం రాశారా? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం తలాషీని, జప్తును వీడియో తీయాలి. ఫోన్ తెరవమంటే ఏ కానూన్ కింద అని అడగండి, భయమేస్తే వకీల్‌కు ఫోన్ చేస్తానని చెప్పండి.

మొన్న ఈ సంగతులన్నీ చెప్తే ఖాలా చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాలన్నీ తెచ్చి చాప మీద పరిచింది. "దేఖ్ బేటా, నా పేరు ఎన్ని తీర్లుందో జర చూసి చెప్పు" అంది. లెక్కపెట్టాం. నాలుగు తీర్లుంది. ఇప్పుడు ఒక్కొక్కటి దిద్దిస్తున్నాం.